ఆఖరి మేత వారం

పోయిన నెల కళ్ళద్దాలు మార్పించుకుని, పుంగనూరులో ఉండే మా చెల్లెలి ఇంటికి వెళ్దామని మదనపల్లె బస్టాండులో కూర్చుని ఉంటే, మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒకామె పలకలాంటి మిషను చేత్తో పట్టుకుని, ఎదురుగా ఆగిన బస్సు ఎక్కేవాళ్ళను లెక్కపెడుతూ కనిపించింది. ఏ బస్సుకు ఎంతమంది ఎక్కుతున్నారో, ఏ ఊరికి బస్సు కావాలో తేల్చే పరిశోధన అట. వింటూ ఉండగానే నా బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద నడక మొదలుపెట్టింది. బస్సు కదిలేసరికి నా లెక్క నలభై మూడు. అడిగితే ఆమెదీ నలభై మూడే. ఈ వయసులో కూడా చూపు, లెక్క తప్పలేదని మురిసిపోయాను. "ఇందులో తప్పు రాదు మేడం" అని ఆమె మిషను తట్టి చూపించింది. ఆ మాట ఒకప్పుడు నా నోట వెయ్యిసార్లు వచ్చి ఉంటుంది. పుంగనూరు చేరేదాకా నేను కిటికీలోంచి బయటికి చూడలేదు. ఒళ్ళో పెట్టుకున్న చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి ఒకటి ఉంది. నా ఈడువాళ్ళు చదువుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

1996 జూన్ నాటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. మదనపల్లెలో ఒక ట్యుటోరియల్‌లో లెక్కలు చెప్పేదాన్ని. ఆ నెలలోనే పెద్ద ఊరినుంచి ఒక పరిశోధన బృందం వచ్చి బస్టాండు వెనక వీధిలో రెండు గదులు అద్దెకు తీసుకుంది. నగరాల్లో బస్సుల గురించి పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి గానీ, మన లాంటి చిన్న ఊళ్ళకూ, చుట్టూ ఉన్న పల్లెలకూ బస్సు ఎట్లా నడవాలో ఎవరూ కూర్చుని లెక్క వేయలేదనీ, ఆ పని తాము చేస్తున్నామనీ, మొదట మదనపల్లె, తర్వాత పుంగనూరు, ఆ తర్వాత కుప్పం చూస్తామనీ బృందం పెద్దాయన చెప్పాడు. ఆయన్ని అందరం సార్ అనే పిలిచేవాళ్ళం. లెక్కలు చూసే మనిషి కావాలన్నాడు. నేను చేరాను. మా ఆయన మాత్రం ఆ సార్‌కు అదృష్టం పట్టింది, ఇది ఉప్మాలో ఆవాలు కూడా లెక్కపెట్టి వడ్డించే మనిషి అని అందరి ముందూ ఎగతాళి చేసేవాడు.

మా పని చెప్పుకోవడానికి చాలా తేలిక. బస్సు ముందు తలుపు దగ్గర ఒకరు, వెనక తలుపు దగ్గర ఒకరు కూర్చుని, ప్రతి స్టాపులోనూ ఎక్కినవాళ్ళకు ఒక గీత, దిగినవాళ్ళకు ఒక గీత గీయాలి. నాలుగు గీతలు నిలువుగా, అయిదోది వాటికి అడ్డంగా. బస్సు చివరి స్టాపుకు చేరేసరికి ఎక్కినవాళ్ళూ దిగినవాళ్ళూ సమానం కావాలి. అయితే రామసముద్రం వైపునుంచి టమాటా గంపలు, పూల మూటలు, కోళ్ళు, కొన్నిసార్లు మేకపిల్లలతో నిండి వచ్చే ఆ బస్సుల్లో, చంకలో ఒకరు, కొంగు పట్టుకుని ఒకరు, ముందు తలుపులో ఎక్కి వెనక తలుపులో దిగే తల్లులను లెక్కించడం అంత తేలిక కాదు. ఒక కండక్టరు అయితే నన్ను చూసినప్పుడల్లా "ఏమ్మా, మేకల్ని గూడా రాసుకుంటాండావా? వాటికి నేను టికెట్టు కొట్టలేదు, నన్ను ఇరికించొద్దు" అని బస్సంతా నవ్వించేవాడు. నేను నవ్వేదాన్ని కాదు. సాయంత్రం మొత్తాల్లో ఒక్క మనిషి తేడా వచ్చినా మర్నాడు ఆ బస్సును మళ్ళీ లెక్కపెట్టించేదాన్ని. బృందంలో కుర్రవాళ్ళు నన్ను వెనకాల ఏమనేవారో నాకు తెలుసు. అయినా నా కాగితాల్లో తప్పు రాదు అన్న పేరు నాకు తియ్యగా ఉండేది.

పుంగనూరు పని 1997 ఫిబ్రవరిలో మొదలయింది. అక్కడ జరిగిన ఒక తమాషా చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు. ఒక పల్లెకు మేం లెక్కకు వస్తున్నామన్న సంగతి ముందే తెలిసిపోయింది. లెక్క తక్కువ వస్తే బస్సు ఎత్తేస్తారని ఎవరో అన్నారట. సోమవారం పొద్దున మేం ఎక్కిన బస్సు ఆ ఊళ్ళో ఆగేసరికి, పంచెలు కట్టుకున్న ముసలివాళ్ళ దగ్గరనుంచి చంటిపిల్లల తల్లుల దాకా ముప్పై ఎనిమిది మంది బిలబిలమంటూ ఎక్కారు. రెండు స్టాపుల తర్వాత ముప్పై ఎనిమిది మందీ దిగిపోయి, ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ ఊరివైపు వెనక్కి నడిచారు. కండక్టరు ఆ ఊరి పెద్దమనిషిని పట్టుకుని "ఏమప్పా, ఈ పొద్దు మీ ఊళ్ళో అందరికీ ఈ చింతతోపులోనే పని పడిందా?" అని అడిగితే, ఆయన మీసం తడుముకుంటూ "గాలి మార్పుకు వొచ్చినాంలే సామీ" అన్నాడు. బుధవారం దాకా గాలి మార్పు సాగింది, గురువారం ఆ ఊరినుంచి నలుగురే ఎక్కారు. సార్ పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఆ మధ్యాహ్నమే మా పని నియమాల పుస్తకంలో నా చేత్తో ఒక కొత్త నియమం చేర్చాను. ఏ ఊరికి ఏ వారం లెక్క అన్నది చీటీ తీసి నిర్ణయించాలి. ఊరివాళ్ళు ఎవరు ఎంత అడిగినా ఆ వారం మార్చకూడదు. వ్యాఖ్యల గడిలో బస్సు ఆలస్యం, చెడిపోవడం, వాన, ఈ మూడు తప్ప మరేదీ రాయకూడదు. సార్ సంతకం పెట్టాడు.

ఆ నియమంతోనే 1997 ఆగస్టులో కుప్పం వెళ్ళాం. గుడుపల్లె వైపు ఒక ఊరు ఉంది. పేరు రాయను. కుప్పంనుంచి వచ్చే బస్సు పెద్దరోడ్డు వదిలి నాలుగు కిలోమీటర్లు లోపలికి తిరిగి, ఆ ఊళ్ళో మనుషుల్ని ఎక్కించుకుని, మళ్ళీ నాలుగు కిలోమీటర్లు వెనక్కి వచ్చి పెద్దరోడ్డు ఎక్కేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఆ మలుపు అవసరమా కాదా అన్నదే మేం తేల్చాల్సిన ప్రశ్న. చీటీలో ఆ ఊరికి సెప్టెంబరు 8 సోమవారంనుంచి 14 ఆదివారం దాకా వచ్చింది.

నాతో వచ్చినాయన నాకంటే పదేళ్ళు పెద్ద, అంతకుముందు కండక్టరుగా చేసి మానేసిన మనిషి. అన్నా అని పిలిచేదాన్ని. మాకు ఆ ఊళ్ళో ఒక ఇంటి పంచలో బస దొరికింది. ఆ ఇంటామె నాకంటే అయిదారేళ్ళు చిన్నది. భర్త పోయి మూడేళ్ళు. ఎకరం మల్బరీ తోట, ఇంటినిండా పట్టుపురుగులు, ఒక్కతే కూతురు. కూతురు కుప్పంలో ఇంటర్ మొదటి సంవత్సరం, రోజూ ఆ బస్సులోనే వెళ్ళి వచ్చేది. ఊరంతా పట్టుపురుగుల మీదే బతికేది. అందరికీ ఒకే చోటునుంచి ఒకే రోజు పిల్లపురుగులు వచ్చేవి కాబట్టి ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ పురుగులు ఒకే ఈడులో ఉండేవి. పురుగు నాలుగుసార్లు మేత మాని, పొర విడిచి లేస్తుంది. దాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచినాక వచ్చే ఎనిమిది రోజుల్లో అది తినే ఆకు అంతకుముందు తిన్న ఆకంతటికీ ఎన్నో రెట్లు. పగలూ రాత్రీ ఆకు కోయడం, వేయడం, తట్టలు శుభ్రం చేయడం తప్ప ఆ ఎనిమిది రోజులూ ఇంట్లో ఎవరికీ మరో బతుకు ఉండదు.

మేం సంచీలతో దిగేసరికి ఇంటామె నెత్తిమీద ఆకు మూటతో తోటలోంచి వస్తోంది. మేం వచ్చిన పని విని, మూట దించకుండానే నన్ను ఎగాదిగా చూసి అన్న మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ఈ వారం వొద్దమ్మా, పై వారం దాటి రా. పురుగులు ఆఖరి మేత మీద ఉండాయి. ఇంట్లో పీనుగ లేసినా మేం కదిలేది లేదు. ఇప్పుడు లెక్కబెడితే బస్సు కాలీగా కనబడతాది."

వారం మార్చడానికి వీల్లేదని చెప్పాను.

"యాల? ఏమన్నా ముహూర్తం పెట్టుకోని వొచ్చినావా?"

నియమం అన్నాను. పుంగనూరు దగ్గరి ఊరి కథ చెప్పి, అందుకే ఊరివాళ్ళ మాటమీద వారం మార్చమని కూడా అన్నాను. ఆమెకు నవ్వు రాలేదు. మేం అట్టాంటోళ్ళం కాదమ్మా అని మాత్రం అని, మాకు కాళ్ళు కడుక్కోవడానికి మందు కలిపిన నీళ్ళు పెట్టింది. నేను పౌడరు, పూలు, సెంటునూనె ఆ ఇంటి గడప లోపలికి తేకూడదని, వాసనకు పురుగు మేత మానేస్తుందని చెప్పింది. ఆ నియమాన్ని నేను వారమంతా చాలా జాగ్రత్తగా పాటించాను.

సోమవారం ఆ ఊరినుంచి ముగ్గురు ఎక్కారు. మంగళవారం ఇద్దరు. బుధవారం ఒక్కడు, వాడు కూడా పొరుగూరినుంచి చుట్టపు చూపుగా వచ్చి వెనక్కి పోతున్నవాడు. గురువారంనుంచి ఆదివారం దాకా సున్నా. బస్సు వచ్చేది, కండక్టరు తల బయటపెట్టి ఈల వేసేవాడు, ఊళ్ళోంచి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఇళ్ళలోంచి ఆకు నమిలే చప్పుడు మాత్రం సన్నగా వినబడేది. కూతురు కూడా ఆ వారమంతా కాలేజీ మానేసి ఆకు మోసింది. శుక్రవారం పొద్దున నేను పంచలో కాగితం నింపుకుంటూ ఉంటే, తట్టతో అటు పోతూ ఆగి, తొంగి చూసి, నవ్వుతూ "నన్ను గూడా సున్నాలో కలిపేసినావా అక్కా?" అంది. రోజూ ఎక్కే పిల్ల. నేను తలెత్తకుండా, ఎక్కినవాళ్ళనే రాస్తాం తల్లీ అన్నాను. ఆ సాయంత్రం ఇంటామె మాకు రాగిసంగటి వడ్డిస్తూ, గొంతు తగ్గించి అడిగింది. "నా బిడ్డ సదువు ఈ బస్సు మీదే ఉండాదమ్మా. మా ఇంట్లో ఇంటర్ దాకా పోయింది అదే మొదుటిది. నర్సమ్మ అవుతానంటాది. నీకు అన్నీ తెలుసు, సూసి రాయి." రాస్తానన్నాను. ఆమె పెట్టిన అన్నం తింటూ అన్నాను ఆ మాట.

ఆదివారం చివరి బస్సు వెళ్ళిపోయాక అన్న తన కాగితం నాకు ఇచ్చాడు. వ్యాఖ్యల గడిలో వంకరటింకర అక్షరాలతో, ఇది పురుగుల ఆఖరి మేత వారం, పది రోజుల తర్వాత మళ్ళీ లెక్కపెట్టాలి అని రాసి ఉంది. ఆ గడిలో ఆ మాట రాయకూడదన్నాను. ఆయన చిన్నప్పుడు వాళ్ళ ఇంట్లోనూ పురుగులు పెంచారట. "గీతలు నువ్వు సరిగ్గానే గీసినావమ్మా. వారమే సరిగ్గా లేదు" అన్నాడు. కుప్పం గదికి వచ్చాక, ఎప్పటిలాగే అన్ని కాగితాలనూ శుభ్రమైన ప్రతిలోకి ఎత్తి రాశాను. ఆయన రాసిన వాక్యం దగ్గరికి వచ్చినప్పుడు కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఆ గడిలో ఒక చిన్న అడ్డగీత గీశాను. వ్యాఖ్య ఏమీ లేదు అని దానికి అర్థం. మూడు ఊళ్ళ పనిలో ఒక్క మనిషి తేడా కూడా రాకుండా వారమంతా సరిపోయిన మొదటి కాగితం అదే. సార్ దాన్ని అందరి ముందూ ఎత్తి చూపించి, లెక్క అంటే ఇట్లా ఉండాలి అన్నాడు. ఆ సాయంత్రం అన్న నన్ను ఆ మాట ఏమయిందని ఒక్కసారే అడిగాడు. నియమం గుర్తు చేశాను. "సరేలేమ్మా, నువ్వు సదువుకున్నదానివి" అని బీడీ ముట్టించుకుని బయటికి పోయాడు.

ఇంతవరకే అయితే నియమానికి కట్టుబడ్డానని నాకు నేను సర్దిచెప్పుకునేదాన్ని. కానీ సెప్టెంబరు 23 మంగళవారం పొద్దున నేను కుప్పం బస్టాండులో ఉన్నాను. ఆ ఊరి బస్సు వచ్చింది. టాపు మీద పట్టుగూళ్ళ మూటలు మూరెడెత్తున పేర్చి ఉన్నాయి. రెండు తలుపుల్లోనూ మనుషులు వేలాడుతున్నారు. లోపల ఆడవాళ్ళు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నట్టే ఉన్నారు. గూళ్ళు కోసి అమ్మకానికి తెచ్చారు, ఆ చేత్తోనే ఆసుపత్రికి, బట్టలకు, పిల్లల పుస్తకాలకు, నెలన్నరగా వాయిదా వేసుకున్న పనులన్నిటికీ ఊరు ఊరంతా బయలుదేరింది. నా వేళ్ళు కదిలాయి. ఆ ఒక్క ఊరివాళ్ళే అరవై ఒక్కమంది దిగారు. దిగకముందే కిటికీలోంచి ఇంటామె నన్ను చూసి, ముఖమంతా నవ్వుతూ చెయ్యి ఊపింది. పక్కన పుస్తకాలు గుండెకు హత్తుకుని కూతురు. నేను కూడా చెయ్యి ఊపాను.

నివేదిక పంపవలసిన తేదీ అక్టోబరు 6. మధ్యలో పదమూడు రోజులు. ఒక వాక్యం రాయడానికి పదమూడు రోజులు. సార్ పక్క గదిలోనే ఉండేవాడు. ఆయన మంచివాడు. చెబితే కోప్పడేవాడు కాదు, బహుశా మళ్ళీ లెక్క పెట్టించేవాడు కూడా. కానీ చెబితే ఎత్తి చూపించిన కాగితం దించాల్సి వచ్చేది. నా నియమం నేనే తప్పని ఒప్పుకోవాల్సి వచ్చేది. అన్న ముఖం చూడాల్సి వచ్చేది. ఈ రోజు చెప్తాను, రేపు చెప్తాను అని వాయిదా వేస్తూనే అక్టోబరు 5న ఆ ఊరి పేజీ కింద నా చేత్తో రాశాను. ఈ ఊరికి బస్సు అవసరం కనిపించడం లేదు.

1998 జూన్‌లో బస్సు ఆ మలుపు తిరగడం మానేసింది. ఆ సంగతి నాకు బస్సులు ఎత్తేసిన ఊళ్ళ జాబితాలో తెలిసింది. జాబితా మడిచి పెట్టేశాను. అప్పటికి బృందం పని ముగిసి నేను మళ్ళీ ట్యుటోరియల్‌లో చేరాను. ఆ తర్వాత అప్పుడప్పుడు కొత్తగా లెక్కకు దిగే వాళ్ళకు పాఠం చెప్పమని పిలిచారు. వెళ్ళాను. మచ్చుకు చూపించడానికి నాకు ఇచ్చిన కాగితం ఆ ఊరిదే. ఆ అడ్డగీతను చూపించి, గడి ఖాళీగా వదలకండి, వ్యాఖ్య లేకపోతే ఇట్లా గీయండి అని చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో కూడా నాకు లెక్క ఉంది. ఏడుసార్లు. ఏడోసారి కుప్పంలో, 2005 ఆగస్టులో. ఆ రోజు పాఠం అయ్యాక మధ్యాహ్నం భోజనానికి ఉండకుండా బస్సెక్కి పెద్దరోడ్డు మీద దిగాను. ఆటో దొరికేదాకా ముప్పావు గంట నిలబడి, కొంత దూరం నడిచి కూడా ఆ ఊరికి వెళ్ళాను.

ఇంటామె గుర్తుపట్టింది. జుట్టు నెరిసింది. బావులు ఎండి తోట సగానికి తగ్గింది, అయినా పురుగులు ఉన్నాయి. కూర్చోమని చాప వేసి, ఆకు తరుగుతూనే మాట్లాడింది. బస్సు ఆగిపోయినాక కూతురు రెండో సంవత్సరంలో అయిదు నెలలు పెద్దరోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు పోయి, నాలుగు కిలోమీటర్లు వచ్చిందట. ఆ నవంబరు వానల్లో వంకలు పారి వరసగా రోజులు పోయాయి. పరీక్షలకు కూర్చోలేదు. ఇప్పుడు కుప్పంలోనే పెళ్ళి చేసుకుని ఉంటోంది, తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు దారిలో బట్టల ఫ్యాక్టరీకి పోతుంది. బాగానే ఉండాది అంది. నేను చెప్పాలనుకున్నది చెప్పాను. అన్న రాసిన మాట, నేను గీసిన గీత, కుప్పం బస్టాండులో నేను లెక్కపెట్టిన అరవై ఒక్కమంది, నేను రాసిన వాక్యం. అంతా తేదీలతో సహా చెప్పాను. కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఆ పొద్దు నువ్వు సూసినావు గదా?" అంది. "నేను చెయ్యి ఊపినాను, నువ్వూ ఊపినావు. ఆయమ్మ బస్సు నిండుగా సూసిందిలే, ఇంక మన బస్సు యాడికీ పోదు అని నా బిడ్డకు ఆడనే చెప్పినాను."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "నువ్వు అబద్ధం రాయలేదులేమ్మా. ఆ వారం ఎవురూ ఎక్కలా, అది నిజమే గదా" అంది. నన్ను ఊరడించడానికే అంది, పాపం. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఇప్పటిదాకా ఎవరూ వేయలేదు. కాఫీ ఇచ్చింది. తాగాను.

మదనపల్లె తిరిగి వచ్చి సార్‌కు మూడు పేజీల ఉత్తరం రాశాను. ఆయన అప్పటికి పదవీ విరమణ చేశాడు. ఆ నివేదిక ప్రతులు ఎక్కడున్నాయో తనకూ తెలియదనీ, నేను అనవసరంగా మనసు కష్టపెట్టుకుంటున్నాననీ జవాబు రాశాడు. బస్సులు నడిపే ఆఫీసుకు రెండు ఉత్తరాలు రాశాను. ఒకదానికి అందినట్టు జవాబు వచ్చింది. అన్న కోసం వెతికాను. ఆయన 2001లోనే పోయాడని ఇంటివాళ్ళు చెప్పారు.

పోయిన సంవత్సరం మా చెల్లెలి కొడుకు కారులో ఆ దారిన వెళ్తూ ఒకసారి లోపలికి తిప్పమన్నాను. ఇంటామె ఇంటికి తాళం వేసి ఉంది. ఆమె కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు. రోడ్డు బాగుంది. దాదాపు ప్రతి ఇంటి ముందూ ఒక స్కూటరో మోటారు సైకిలో ఉంది. ఆడపిల్లలు ఇద్దరేసి ముగ్గురేసి ఒక్క బండి మీద కాలేజీకి పోతున్నారు, వాళ్ళ జడలు గాలికి ఎగురుతూ ఉంటే చూడటానికి ముచ్చటగానే ఉంది. పట్టుగూళ్ళకు చిన్న వ్యానులు ఇంటి ముందుకే వస్తాయట. బండి తోలలేని ఒక ముసలామె మాత్రం అరుగు మీద కూర్చుని, పెద్దరోడ్డు దాకా ఎవరైనా దింపుతారేమోనని మా కారువైపు చూసింది. ఎక్కించుకున్నాం. ఈ ఊరికి ఎప్పుడన్నా బస్సు వచ్చేదా అవ్వా అని మా చెల్లెలి కొడుకు అడిగితే, వచ్చేది నాయనా, ఇప్పుడు ఎవురెక్కుతారు అంది.

ఈ ఊరికి బస్సు అవసరం కనిపించడం లేదు అన్న వాక్యం నేను రాసిన నాడు అబద్ధం. ఇప్పుడు ఎవరైనా వెళ్ళి, ఏ వారమైనా, ఎన్ని వారాలైనా కూర్చుని లెక్కపెడితే అది నిజమనే తేలుతుంది. ఒక్క మనిషి తేడా కూడా రాదు.